సన్న తీగ – దొడ్డు తీగ : గిటారుకు ఏది వేయాలె?



మన హాస్టల్లో ఒక గిటారు ఉన్నదని అందరికీ తెలుసు. ప్రార్థన హాలు మూలకు కొక్కానికి వేలాడుతది. మొదట్లో నేర్చుకుంటమని చాలామంది పేర్లు ఇచ్చినరు. ఇప్పుడు ఆదివారం నాడు వచ్చేది ఐదుగురమే. మానేసిన వాళ్లను అడిగితే చెప్పే మాట ఒక్కటే: "వేళ్లు కోసుకపోతున్నయి అక్కా!" ఆరో తరగతి చెల్లెళ్ల వేళ్లు చూస్తే నిజంగానే ఎర్రటి గీతలు పడి ఉన్నయి. చేతగాక మానేసినరని కొందరు నవ్వుతున్నరు. చేతగాక కాదు, తీగ వల్ల అని నేను అంటున్నాను.

ఆ తీగలు ఇప్పుడు తుప్పు పట్టినయి. కొత్త సెట్టు కొనాలె. కొన్నంక మళ్లీ ఎప్పుడు కొంటరో తెల్వదు. అందుకని ఏ తీగ కొనాలో తెలుసుకొని కొంటే మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాను. మాకు గిటారు నేర్పే అక్క చెప్పినవి, సైన్స్ సార్ చూపించినవి, పుస్తకంలో చదివినవి కలిపి రాసిన.

దొడ్డుది మంచిదా, సన్నది మంచిదా?

బియ్యంలో సన్న బియ్యం, దొడ్డు బియ్యం అని రెండు రకాలు మనకు తెలుసు. గిటారు తీగల్లో కూడా అట్లనే ఉంటయి. కానీ బియ్యంలో సన్నవి గొప్ప అనుకుంటే, తీగల్లో మాత్రం దొడ్డువి గొప్ప అనుకుంటరు. ఒక దుకాణంలో మా అక్కతో "సన్నవి చిన్నపిల్లలకు, అసలు వాయించేటోళ్లకు దొడ్డువి" అని చెప్పినరట. ఇది సరికాదు. ఏ గిటారు, ఎవరి వేళ్లు, ఏ పాట – ఈ మూడు చూసి తీగను ఎంచుకోవాలె. ఇదే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి.

తీగకు నంబరు ఎట్లా పెడతరు?

తీగ ఎంత దొడ్డుగ ఉన్నదో చెప్పే కొలతను గేజీ అంటరు. గిటారు తీగల కవరు మీద 10, 12 అని నంబర్లు ఉంటయి. 10 అంటే ఒక అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 10 భాగాలు. అంటే సుమారు 0.25 మిల్లీమీటర్లు. 12 అంటే 0.30 మిల్లీమీటర్లు. నంబరు పెరిగితే తీగ దొడ్డు అవుతుంది.

ఇక్కడ ఒక తికమక ఉన్నది. మా తండాలో చేనుకు కంచె కట్టే తీగ కూడా గేజీ లెక్కనే కొంటరు. కానీ అది ఉల్టా. కంచె తీగలో 10 గేజీ దొడ్డుది, 14 గేజీ సన్నది. వీణ, సితారు తీగల నంబర్లు కూడా ఈ ఉల్టా లెక్కలోనే ఉంటయి. కాబట్టి దుకాణానికి పోయినప్పుడు "గిటారు తీగ" అని ముందే చెప్పాలె.

గిటారుకు ఆరు తీగలు. అన్నిటికన్నా సన్నది ఒకటో తీగ, అన్నిటికన్నా దొడ్డుది ఆరో తీగ. ఆరు తీగల సెట్టును రెండు నంబర్లతో చెప్తరు. 12–53 అంటే ఒకటో తీగ 12, ఆరో తీగ 53. నడుమ తీగలు వరుసగా దొడ్డు అవుతూ పోతయి.

మేము కొలిచి చూసినం

మన గిటారు తీగల కవరు ఎవరి దగ్గరా లేదు. మరి ఏ సెట్టో ఎట్లా తెలుస్తది? సైన్స్ సార్ ల్యాబు నుంచి స్క్రూగేజీ తెచ్చిచ్చిండు. తెగిపోయిన ఒకటో తీగ ముక్కను అందులో పెట్టి తిప్పితే 0.30 మిల్లీమీటర్లు వచ్చింది. ఆరో తీగ 1.35 వచ్చింది. మిల్లీమీటర్లను 25.4తో భాగిస్తే అంగుళాలు వస్తయి. లెక్క చేస్తే 12, 53. అంటే మన గిటారుకు ఉన్నది 12–53 సెట్టు. పెద్దవాళ్లు వాయించే అకూస్టిక్ గిటార్లకు ఇది మామూలు సెట్టే. కానీ ఆరో తరగతి పిల్ల వేళ్లకు ఇది మామూలు కాదు.

ఇందులో ఉన్న సైన్సు

మన తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో పౌనఃపున్యం గురించి చదివినం. గిటారు ఒకటో తీగ సెకనుకు దాదాపు 330 సార్లు కంపిస్తుంది. ఆరో తీగ 82 సార్లు. అంటే నాలుగో వంతు. రెండు తీగల పొడవు ఒక్కటే. మరి స్వరం ఎట్లా మారింది?

ఫ్రాన్సు దేశానికి చెందిన మెర్సెన్ అనే ఆయన తీగల నియమాలను 1636లో అచ్చు వేసిండు. సులువుగా చెప్పాలంటే ఇవి మూడు:

1. తీగ పొడవు తగ్గితే స్వరం పెరుగుతుంది. (మెట్టు మీద వేలు పెట్టి నొక్కితే జరిగేది ఇదే.)
2. తీగను బిగిస్తే స్వరం పెరుగుతుంది.
3. తీగ బరువు పెరిగితే స్వరం తగ్గుతుంది.

పొడవు, బిగువు మార్చకుండా స్వరాన్ని నాలుగో వంతుకు దించాలంటే తీగ నాలుగు రెట్లు దొడ్డుగ ఉండాలె. 12ను నాలుగుతో గుణిస్తే 48. మన సెట్టులో ఆరో తీగ 53. దగ్గర దగ్గరగానే ఉన్నది కదా! సెట్టులోని నంబర్లు ఊరికే పెట్టినవి కావని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తది. 53 అంత దొడ్డు ఉక్కు తీగ అయితే అది కడ్డీ లెక్క బిగుసుకపోయి సరిగా మోగదు. అందుకని లోపల సన్నని ఉక్కు తీగ పెట్టి, దాని మీద ఇంకో సన్న తీగను దగ్గర దగ్గరగా చుడతరు. బరువు పెరుగుతుంది, కానీ వంగే గుణం పోదు. గోరుతో గీకితే గరగరమనేది ఈ చుట్టు తీగనే.

బిగువు అంటే ఎంత బరువు?

మామూలు పెద్ద గిటారులో మీటే తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. దాని ఒకటో తీగను సరైన శృతికి బిగిస్తే అది ఎంత బరువుతో లాగుతదో చూడండి:

9 నంబరు తీగ – సుమారు 6 కిలోలు
10 నంబరు తీగ – సుమారు 7 కిలోల 300 గ్రాములు
12 నంబరు తీగ – సుమారు 10 కిలోల 600 గ్రాములు
13 నంబరు తీగ – సుమారు 12 కిలోల 400 గ్రాములు

10కి 12కి నడుమ తేడా వెంట్రుకంత కూడా లేదు. కానీ బిగువు 44 శాతం పెరిగింది. తీగ మందం కొంచెం పెరిగినా బరువు వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి ఇట్లా అవుతది. 12ను 12తో, 10ని 10తో గుణించి చూడండి: 144, 100.

12–53 సెట్టు ఆరు తీగలు కలిపితే 73, 74 కిలోల లాగుడు. అంటే 50 కిలోల బియ్యం బస్తా, 25 కిలోల బస్తా రెండూ కలిపి గిటారు మెడకు కట్టినట్టు. 10–47 సెట్టు అయితే సుమారు 60 కిలోలే. చెల్లెళ్ల వేళ్లు ఎందుకు కోసుకపోతున్నయో ఇప్పుడు అర్థమైంది కదా.

అకూస్టిక్ గిటారు, ఎలక్ట్రిక్ గిటారు

మన దగ్గర ఉన్నది అకూస్టిక్ గిటారు. అంటే కరెంటు లేకుండా మోగేది. దీంట్లో తీగ కదిలి బ్రిడ్జిని కదిలిస్తది, బ్రిడ్జి పైచెక్కను కదిలిస్తది, చెక్క గాలిని కదిలిస్తది. చెక్కను కదిలించాలంటే తీగకు బలం ఉండాలె. అందుకే అకూస్టిక్ గిటారుకు కొంచెం దొడ్డు తీగలు వేస్తరు. మరీ సన్నవి వేస్తే శబ్దం పల్చగ వస్తది.

ఎలక్ట్రిక్ గిటారులో చెక్క మీద ఆధారం లేదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటయి. దాన్ని పికప్ అంటరు. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో కొద్దిగ కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేస్తుంది. శబ్దాన్ని మిషన్ పెంచుతది కాబట్టి తీగ సన్నగ ఉన్నా పరవాలేదు. పైగా సన్న తీగను పక్కకు లాగి స్వరాన్ని సాగదీయొచ్చు.

తీగ లోహం కూడా వేరు. అకూస్టిక్ తీగల చుట్టు కంచుది. కంచును అయస్కాంతం పట్టదు కాబట్టి ఆ తీగలు ఎలక్ట్రిక్ గిటారుకు వేస్తే సరిగా వినపడవు. ఎలక్ట్రిక్ తీగలకు నికెల్ పూసిన ఉక్కు చుడతరు. ఇంకో గుర్తు ఏమంటే, అకూస్టిక్ సెట్టులో సాధారణంగా నాలుగు తీగలు చుట్టువి, రెండు నున్ననివి. ఎలక్ట్రిక్ సెట్టులో మూడు చుట్టువి, మూడు నున్ననివి.

దుకాణంలో దొరికే సెట్లు

అకూస్టిక్‌కు:
10–47 : చాలా సన్నవి. కొత్తగా నేర్చుకునేవారికి, చిన్న చేతులకు.
11–52 : నడుమ రకం. వేళ్లు కొంచెం గట్టిపడ్డవారికి.
12–53 : మామూలు రకం. శబ్దం నిండుగ వస్తుంది.
13–56 : దొడ్డువి. గట్టిగ వాయించేవారికి. పాత గిటార్లకు, నాజూకు గిటార్లకు వేయొద్దు.

ఎలక్ట్రిక్‌కు:
9–42 : సన్నవి. స్వరం సాగదీయడం సులువు.
10–46 : మామూలు రకం.
11–49 : దొడ్డువి. శృతి దించి వాయించేవారికి బాగుంటయి.

చిన్న సైజు గిటారుకు చిన్న తీగలు అనుకోవద్దు. గిటారు పొట్టిగ ఉంటే తీగ బిగువు దానంతట అదే తగ్గుతది. దానికి మరీ సన్నవి వేస్తే తీగలు వేలాడి దడదడమంటయి. పొట్టి గిటారుకు 12 వేసినా మెత్తగనే ఉంటుంది.

సన్న తీగ వేస్తే చిన్నతనమా?

కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమి అనే ఆయన ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసులో మిషన్‌లో పడి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయినయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి. తీగలు నొక్కే చేయి అదే! ఆయన ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నడు. నొప్పి తగ్గాలని సన్న తీగలు వేసిండు. అప్పట్లో గిటారుకు అంత సన్నవి సులువుగా దొరకక బాంజో అనే వేరే వాయిద్యం తీగలు వాడిండు. 1971 నాటికి తీగలను బాగా వదులు చేసి వాయించిండు. ఆయన బృందం బ్లాక్ సబ్బాత్ లోకమంతా పేరు పొందింది. ఆ బృందం శబ్దం ఎంత బరువుగ ఉంటదో విన్నవాళ్లకు తెలుసు. అంత బరువైన శబ్దం సన్న తీగల నుంచే వచ్చింది.

అమెరికాలో ఎర్నీ బాల్ అనే దుకాణదారు తన దగ్గరికి వచ్చే కొత్త పిల్లలు మూడో తీగను నొక్కలేక ఇబ్బంది పడుతున్నరని గమనించిండు. అప్పటి సెట్టులో అది 29 నంబరు. దాన్ని 24కు తగ్గించి 1960ల మొదట్లో సన్న సెట్లు అమ్మడం మొదలుపెట్టిండు. ఇప్పుడు అవి చాలా దేశాల్లో ఉన్నయి. అంటే నేర్చుకునే పిల్లల బాధను చూసి తీగను మార్చినరు. పిల్లలను వెళ్లగొట్టలేదు.

దొడ్డువి వేసినవారు కూడా ఉన్నరు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన స్టీవీ రే వాన్ ఎలక్ట్రిక్ గిటారుకు 13 నంబరు తీగ వేసేవాడు. కానీ ఆయన కూడా శృతిని అర మెట్టు దించే వాయించేవాడు.

మన తెలుగువాళ్లలో ఒకరు

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారిని మాండలిన్ శ్రీనివాస్ అంటరు. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు ఉంటయి. జత తీగలను కలిపి పక్కకు లాగడం కష్టం. కర్ణాటక సంగీతానికేమో గమకాలు తప్పవు. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకొని ఐదు ఒంటి తీగలతో వాయించిండు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసినప్పుడు ఆయన మనకన్నా చిన్నవాడు, తొమ్మిదేళ్లు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో చనిపోయినరు. తన సంగీతానికి ఏ తీగలు కావాలో ఆయన చూసుకున్నడు గానీ, అందరూ ఏమి వేస్తున్నరో అదే వేయలేదు.

మన తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. గిటారు మీద ఫ్రెట్లు అంటరే, కిన్నెర మీద వాటినే మెట్లు అంటరు. కాబట్టి గిటారు మనకు కొత్త కావచ్చు గానీ తీగ, మెట్టు, బిగువు మన పల్లెలకు కొత్త కాదు.

జాగ్రత్త! నైలాన్ గిటారు

మెత్తటి నైలాన్ తీగల గిటారు ఒకటి ఉంటుంది. దాని మెడ వెడల్పు. బ్రిడ్జి దగ్గర తీగలను ముడి వేసి కడతరు. నైలాన్ తీగల సెట్టు మొత్తం లాగుడు సుమారు 40 కిలోలే. వేళ్లకు సుఖం అని మన గిటారుకు నైలాన్ తీగలు వేస్తే సరిగా మోగవు. నైలాన్ గిటారుకు ఉక్కు తీగలు వేస్తే ఇంకా ప్రమాదం, బ్రిడ్జి ఊడివస్తది, మెడ వంగిపోతది. మన గిటారుకు బ్రిడ్జి దగ్గర గుబ్బ పిన్నులు ఉన్నయి, కాబట్టి అది ఉక్కు తీగలదే.

తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, తీగ నంబరు మారిస్తే గిటారంతా కొద్దిగ కదులుతది. బిగువు తగ్గితే మెడ వెనక్కి పోయి తీగలు మెట్లకు తగిలి చప్పుడు చేయొచ్చు. మెడ లోపల ఉండే ఇనుప కడ్డీని తిప్పి దాన్ని సరిచేస్తరు. అది తెలిసినవాళ్లే చేయాలె. మనం ముట్టుకోవద్దు.

పైసా ఖర్చు లేని ఉపాయం

కొత్త తీగలు వచ్చేదాకా ఇట్లా చేయవచ్చు. ఆరు తీగలనూ రెండు మెట్ల స్వరం కిందికి దించాలె. బిగువు ఐదో వంతు తగ్గుతది. 74 కిలోలు 59 అవుతుంది! పాట శృతి తక్కువైతే రెండో మెట్టు మీద కేపో అనే పట్టీ బిగించాలె. మళ్లీ పాత శృతే వస్తది, వేళ్లకు మాత్రం మెత్తగ ఉంటది. అక్క దగ్గర కేపో ఉన్నది. అడిగితే ఆదివారం తెస్తనన్నది.

మన గిటారుకు నా సలహా

ఇప్పుడు మూడు ప్రశ్నలూ వేసుకుందాం. ఏ గిటారు? పెద్ద సైజు అకూస్టిక్. ఎవరి వేళ్లు? ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరివి. ఏ పాట? ప్రార్థన గీతాలు, జనవరి 26 పాటలు, మన తండా పాటలు. కాబట్టి ఈసారి అకూస్టిక్ 10–47 సెట్టు తెప్పించాలని వార్డెన్ మేడమ్‌ను కోరుతున్నాను.

దీనివల్ల ఒక నష్టం ఉన్నది, దాచిపెట్టను. శబ్దం ఇప్పటికన్నా కొంచెం తగ్గుతది. హాలు వెనక కూర్చున్నవారికి సరిగా వినపడకపోవచ్చు. కార్యక్రమం రోజు గిటారు ముందర మైకు పెడితే సరిపోతది. శబ్దం తగ్గితే మైకు ఉన్నది. నేర్చుకునే పిల్లలు తగ్గితే వాళ్లను తెచ్చే మిషన్ ఏదీ లేదు. వేళ్లు గట్టిపడ్డంక వచ్చేసారి 11–52 వేసుకుందాం.

గుర్తు పెట్టుకోండి

* వాయించే ముందు చేతులు కడుక్కోవాలె. వాయించినంక పొడిబట్టతో తీగలు తుడవాలె. చెమటకే తుప్పు పడుతది.
* ఆరు తీగలూ ఒక్కసారి విప్పొద్దు. ఒకటి విప్పి, ఒకటి వేయాలె.
* బిగించేటప్పుడు మొఖం దూరం పెట్టాలె. తీగ తెగితే కంటికి తగులుతది.
* విప్పిన పాత తీగలను స్క్రూగేజీతో కొలిచి నంబరు నోటు పుస్తకంలో రాసి పెట్టాలె.
* రోజూ పది నిమిషాలు చాలు. నొప్పి వస్తే ఆపాలె. రెండు మూడు వారాలకు వేళ్ల కొనలు గట్టిపడతయి.

మానేసిన చెల్లెళ్లారా, ఈ ఆదివారం మళ్లీ రండి. తీగలు వదులు చేసి, కేపో పెట్టి ఉంచుతం.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని